రెండు తీగలు, డెబ్బై రెండు మీటర్లు

జర్మనీలో మేం అద్దెకుంటున్న అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, బాయిలర్ గది తలుపు పక్కన, గోడకు బూడిద రంగు ఇనప పెట్టె ఒకటి ఉంది. అందులోంచి సన్నటి వైర్లు రెండు బయల్దేరి, మెట్ల పక్క షాఫ్టులో పైకి ఎక్కుతూ, ఎక్కడ వీలైతే అక్కడ కొమ్మలు వేసుకుంటూ, 24 ఫ్లాట్లలోని 72 మీటర్లను చేరతాయి. ఫ్లాటుకు మూడు: చన్నీళ్ళకొకటి, వేణ్ణీళ్ళకొకటి, గదులను వెచ్చబెట్టే రేడియేటర్లలోకి పోయే వేడికొకటి. ఆ పెట్టెలోని కంట్రోలర్ ప్రశ్న అడిగేది ఆ రెండు తీగల మీదే. మీటరు జవాబు చెప్పేదీ వాటి మీదే. ఆ జవాబు చెప్పడానికి మీటరుకు కావలసిన సత్తువ అందేదీ వాటిలోంచే. రెండిటిలో ప్లస్ ఏది, మైనస్ ఏది అని అడిగినవాడు లేడు.

పాత మీటర్లు తీసేసి దీన్ని బిగించిన రోజుల్లో నేను రెండు రోజులు సెలవు పెట్టి పక్కన నిలబడి చూశాను. కంట్రోలర్లతో పని చేసుకుని బతికేవాణ్ణి, చూడకుండా ఉండలేకపోయాను. బిగించడానికి వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. నా ప్రశ్నలు కొన్నిటికి జవాబు చెప్పాడు, కొన్నిటికి టార్చిలైటు నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు.

ఈ ఏర్పాటు పేరు మీటర్ బస్. పొట్టిగా ఎం-బస్ అంటారు. రూపొందించినాయన పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హోర్స్ట్ జీగ్లర్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ జర్మనీ శాఖ, ఇళ్ళ వేడి ఖర్చు లెక్కగట్టే టెకెమ్ కంపెనీ ఆయనతో కలిసి పనిచేశాయి. తర్వాత ఇది యూరప్ ప్రమాణంగా మారింది. ఇప్పుడు తీగల సంగతి ఈఎన్ 13757 రెండో భాగంలో, మాటల సంగతి మూడో భాగంలో ఉంటాయి.

ఇలాంటిది జర్మనీలోనే ఎందుకు పుట్టిందంటే, ఇక్కడి చలికాలమూ ఇక్కడి చట్టమూ కారణం. 1981 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఉమ్మడి బాయిలర్ ఉన్న భవనంలో వేడి ఖర్చులో కనీసం 50 శాతం, గరిష్ఠంగా 70 శాతం, ఎవరు ఎంత వాడుకున్నారో చూసి పంచాలి. మిగతాది విస్తీర్ణం లాంటి లెక్కన పంచుకోవచ్చు. అంటే ప్రతి ఫ్లాటులోనూ కొలిచేది ఏదో ఒకటి ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు వెళ్ళి చదవాలి. మా చిన్నప్పుడు మీటరు చదవడానికి వచ్చినాయన వరండాలో నిలబడి, మేకుకు వేలాడే కార్డు మీద అంకెలు రాసి, సైకిలెక్కి పోయేవాడు. ఆయనకు ఇంట్లో మనుషులు ఉన్నా లేకున్నా ఒకటే. ఇక్కడి నీళ్ళ మీటరు స్నానాల గదిలో, టైల్స్ వెనక చిన్న తలుపులో ఉంటుంది. మనిషి ఇంట్లో లేకపోతే అంకె లేదు. ఫలానా రోజు పొద్దున ఎనిమిదికీ పదికీ మధ్య ఇంట్లో ఉండండి అని గుమ్మానికి అంటించిన చీటీ ఈ దేశంలో అద్దెకున్న ప్రతివాడికీ తెలుసు.

కాబట్టి జీగ్లర్ ముందున్న చిక్కు ఇదీ అని ఊహించుకోవచ్చు. నీళ్ళ మీటరు చవక వస్తువు, దాని నోట మాట పలికించే భాగం దానికంటే ఖరీదైతే ఎవరూ కొనరు. మీటరు బిగించేది ప్లంబరు, అతన్ని ఎలక్ట్రానిక్స్ నేర్చుకోమనలేం. తీగలు పోవాల్సింది ఎవడో ఎప్పుడో కట్టిన భవనంలో. ఈ మూడిటికీ కలిపి ఆయన చూపిన దారి నాకు ఎంత చూసినా తనివి తీరదు. భారమంతా సెల్లార్‌లో కూర్చున్న ఒక్కడి మీద పెట్టి, మిగతా డెబ్బై రెండిటినీ తేలిగ్గా వదిలేశాడు.

కంట్రోలర్ వోల్టేజితో మాట్లాడుతుంది. మామూలుగా ఆ రెండు తీగల మధ్య 36 వోల్టులు ఉంటాయి, అది ‘ఒకటి’. ‘సున్నా’ పంపాలంటే 12 వోల్టులు దించి 24కు తెస్తుంది. మీటరు మాట్లాడేది కరెంటుతో. ఊరికే ఉన్నప్పుడు అది ఒకటిన్నర మిల్లీ ఆంపియర్ మించకుండా, హెచ్చుతగ్గుల్లేకుండా లాగుతుంది. ‘సున్నా’ చెప్పాలనుకున్నప్పుడు దానిపైన మరో 11 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజిని పైకీ కిందకీ ఆడించాలంటే బలం కావాలి. అది గోడ ప్లగ్గులోంచి కరెంటు తీసుకునే కంట్రోలర్‌కు ఉంది. మీటరుకు లేదు. అందుకని దానితో అరిపించే పని పెట్టుకోలేదు. అది ఒక గుటక ఎక్కువ వేస్తే చాలు, కింద ఉన్నవాడికి తెలిసిపోతుంది.

ఇందులో ఇంకో తెలివి దాగి ఉంది. మీటర్లు వినేది వోల్టేజిని, పలికేది కరెంటుతో. కనుక ఒక మీటరు మాట పక్క మీటరుకు వినబడదు. అడగందే ఎవరూ నోరు విప్పరు, విప్పినా వినేది కంట్రోలర్ ఒక్కటే. ఇద్దరు ఒకేసారి పలికితే కరెంటు ఒక్కరి గుటక కంటే ఎక్కువవుతుంది. ఆ తేడాతోనే కంట్రోలర్ గొడవను పసిగడుతుంది.

దూరాన ఉన్న మీటరు దగ్గరికి 36 వోల్టులు 36గా చేరవు, తీగలో కొంత పోతుంది. అందుకని మీటరు 36నూ 24నూ వెతకదు. తన దగ్గరికి చేరిన వోల్టేజి అప్పటిదాకా ఉన్నదానికంటే ఎంత దిగిందో మాత్రమే చూస్తుంది. మన పాటగాడు ఒకటిన్నర శ్రుతిలో పాడినా అయిదు శ్రుతిలో పాడినా వినేవాడు స్వరాల మధ్య దూరాన్ని బట్టే రాగం పోల్చుకుంటాడు కదా. ఇదీ అలాంటి వినికిడే. తన దగ్గరి వోల్టేజి 12 కంటే కిందికి పోనంతవరకూ దానికి సమ్మతమే.

తీగ ఎలా లాగాలన్నదీ బిగించేవాడి ఇష్టానికే వదిలారు. చెట్టులా కొమ్మలేసుకోవచ్చు, నక్షత్రంలా ఒకచోటి నుంచి పంచుకోవచ్చు, ఒకదాని తర్వాత ఒకటిగా పోవచ్చు. తిరిగొచ్చి ఉంగరంలా కలపకూడదు, అంతే. మా మీటర్లు బిగించిన పెద్దాయన వాడింది టెలిఫోన్లకు వాడే రకం కేబులే, 0.8 మిల్లీమీటర్ల రాగి తీగ. నేను మనసులో లెక్క వేసుకున్నాను. వంద మీటర్ల పొడవుకు పోను రాను కలిపి సుమారు 7 ఓములు. డెబ్బై రెండు మీటర్లూ ఆ చివరనే వేలాడినా, ఊరికే ఉన్నప్పుడు తీగలో పోయేది ఒక వోల్టు కూడా ఉండదు. మామూలు అమరికలో అతి దూరపు మీటరు 350 మీటర్ల లోపు, మొత్తం కేబులు కిలోమీటరు లోపు ఉంటే చాలని చెబుతారు. ఒక్క తీగల జంట మీద 250 మీటర్ల దాకా తగిలించవచ్చు.

ప్లస్ మైనస్ పట్టింపు లేదన్నాను. నా వృత్తిలో ఎక్కువగా తగిలేది ఆర్ఎస్-485 అనే మరో రెండు తీగల పద్ధతి. ఫ్యాక్టరీల్లో కరెంటు మీటర్లు చాలావరకు దానిమీదే ఉంటాయి. మంచి పద్ధతే, వేగం ఎక్కువ. కానీ తీగ ఒకే వరసలో పోవాలి, రెండు చివర్లలో 120 ఓముల రెసిస్టర్లు పెట్టాలి, ఏ తీగ ఏదో తప్పకూడదు. ఆ తీగలకు ఏ అనీ బీ అనీ పేర్లు. తమాషా ఏమిటంటే, ఏ అంటే ఏదో కంపెనీలన్నిటికీ ఒకే మాట లేదు. ఒకసారి ఒక కంపెనీ మీటరు దగ్గర మధ్యాహ్నమంతా కూర్చుని ప్రోగ్రాం తిరగేసి తిరగేసి, చివరికి విసుగొచ్చి రెండు తీగలూ అటూ ఇటూ మార్చాను. మరుక్షణం పలికింది. జీగ్లర్ పద్ధతిలో అలాంటి మధ్యాహ్నాలు ఉండవు. మీటరు వాకిట్లోనే నాలుగు డయోడ్ల వంతెన ఉంటుంది, తీగ ఎటు తగిలించినా లోపలికి పోయేది సరిగ్గానే పోతుంది. చేయబోయే తప్పును ముందే క్షమించి పెట్టారు.

ఆ వంతెనా, గుటక లెక్కా, వినికిడీ అన్నీ ఒకే చిప్పులో అమిరాయి. దాని పేరు టీఎస్ఎస్721. తీగలోంచి లాగే కరెంటును అది ఒకే తీరుగా ఉంచుతుంది. మీటరు లోపల ప్రాసెసర్ ఎంత ఎగిరినా ఆ కుదుపు తీగ మీదికి రానివ్వదు, పక్కనున్న కెపాసిటర్ సర్దుకుంటుంది. తీగ మీద కరెంటు పోబోతోందంటే ముందుగా ఒక కాలు ద్వారా ప్రాసెసర్‌కు కబురు పెడుతుంది, లెక్క దాచుకో, బ్యాటరీ మీదికి మారు అని. రెండు తీగలకూ చెరో 220 ఓముల రెసిస్టరు కాపలా ఉంటుంది. మీటరు లోపల పూర్తిగా షార్టయినా అది లాగగలిగేది 82 మిల్లీ ఆంపియర్లే. ఆ మీటరు ఒక్కటీ మూగబోతుంది గాని, మిగిలిన డెబ్బై ఒక్కటినీ తనతో ముంచదు.

ఇక పెద్దాయన పనితనం. తీగలన్నీ తగిలించాక కంప్యూటరు తెరుస్తాడనుకున్నాను. ఆయన మల్టీమీటరు తీశాడు. ముందు ఒకే ఒక్క మీటరును తగిలించి అది లాగే కరెంటు కొలిచాడు: 1.4 మిల్లీ ఆంపియర్లు. మీటర్లన్నీ ఒకే రకం కనుక డెబ్బై రెండుతో హెచ్చవేసి, కేబుల్ డబ్బా అట్ట మీద పెన్సిలుతో 100.8 అని రాశాడు. తర్వాత మొత్తం లైను తగిలించి చూశాడు. 98 చూపించింది. తక్కువైంది 2.8. రెండు మీటర్లు తగల్లేదన్నాడు, సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తు జంక్షన్ బాక్సులో ఒక కొమ్మ తీగకు ప్లాస్టిక్ తొడుగు సరిగా ఒలవలేదు, స్క్రూ బిగిసింది తొడుగు మీద. ఆ కొమ్మకు రెండు మీటర్లు. ఒక్క ప్రశ్న అడక్కుండా, ఒక్క అక్షరం చదవకుండా, ఆయన మీటర్లను కరెంటుతో లెక్కపెట్టేశాడు. ప్రతి మీటరూ ఒకే తీరుగా లాగాలని ప్రమాణంలో రాసుకున్న వాక్యం ఆయన చేతిలో తలలు లెక్కించే పరికరమైంది. ఇరవయ్యేళ్ళ అనుభవంలో నాకు ఈ ఆలోచన తట్టలేదు.

ఆ తర్వాతే కంట్రోలర్ దగ్గరికొచ్చాడు. పట్టాల మీద బిగించే చిన్న పెట్టె అది, పక్కన 36 వోల్టులు తయారు చేసే మరో పెట్టె. వేగం 2400 బాడ్ పెట్టాడు. సెకనుకు సుమారు 218 అక్షరాలు. ఈ కాలంలో ఆ వేగం వింటే పిల్లలు నవ్వుతారు. అయితే నీళ్ళ మీటరుకు తొందరేముంది? అతి పెద్ద జవాబు 261 అక్షరాలు, సుమారు 1.2 సెకన్లు. ఒక్కో మీటరూ ఒక్కో ఉత్తరం రాస్తే డెబ్బై రెండిటినీ చదవడం రెండు నిమిషాల్లోపు పని. నిదానంగా పోవడం వల్లనే మామూలు తీగ, మామూలు చేతులు సరిపోయాయి.

మొదటి తగాదా చిరునామాలది. మీటరుకు 1 నుంచి 250 దాకా పొట్టి నెంబరు ఇవ్వవచ్చు, కాని కొత్త మీటర్లు సాధారణంగా సున్నా నెంబరుతో వస్తాయి. సున్నాను పిలిస్తే అందరూ ఒక్కసారే పలుకుతారు. దానికే రెండో రకం చిరునామా ఉంది: మీటరు మీద అచ్చయిన ఎనిమిది అంకెల నెంబరు, తయారీదారు గుర్తు, మోడల్ తరం, కొలిచే వస్తువు. వస్తువు అంటే ఒక అంకె, 2 అయితే కరెంటు, 3 గ్యాసు, 4 వేడి, 6 వేణ్ణీళ్ళు, 7 నీళ్ళు. దీనిలో ఏ అంకె తెలియకపోతే ఆ చోట ‘ఏదైనా సరే’ అని గుర్తు పెట్టి పిలవచ్చు. అప్పుడు జరిగేది బళ్ళో హాజరు లాంటిది. నెంబరు 4తో మొదలయ్యేవాళ్ళు లేవండి. చాలామంది లేస్తే, 43తో మొదలయ్యేవాళ్ళు మాత్రమే. ఇంకా ఎక్కువైతే 431. ఒక్కరే లేచేదాకా ఇలా సన్నగిల్లుతూ పోతుంది. లేచినవాడు చెప్పేది ఒకే ఒక్క అక్షరం, ప్రమాణంలో దాని పేరు ఈ5. మన ‘ఆఁ’ అనుకోండి. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఒకే పెట్టెలో వచ్చిన మీటర్ల నెంబర్లు పక్కపక్కనే ఉంటాయి. మొదటి ఆరు అంకెల దాకా గుంపు గుంపుగానే లేస్తారు. అందుకే వెతుకులాట కొన్ని నిమిషాలు సాగింది. తెర మీద ఒక్కో నెంబరూ పడుతుంటే పెద్దాయన చేతిలోని జాబితాలో టిక్కు పెట్టుకుంటూ పోయాడు.

జవాబు ఉత్తరం రాసే తీరు చూడండి. ఉత్తరం మొదట 68, చివర 16. పొడవు రెండుసార్లు చెబుతుంది, 68 కూడా రెండుసార్లు వస్తుంది, ఏదో చప్పుడును ఉత్తరమని పొరబడకుండా. చివరికి అన్నిటినీ కూడి ఒక సరిచూపు అంకె. లోపల అసలు సంగతి ఇలా ఉంటుంది: 0సి 13 52 18 43 00. మొదటి గుర్తు రాబోయేది ఎనిమిది అంకెల సంఖ్య అంటుంది. రెండోది ఆ సంఖ్య నీటి ఘనపరిమాణం, లీటర్లలో అంటుంది. తర్వాతి నాలుగు జతలను వెనకనుంచి చదివితే 00431852. అంటే 431.852 ఘనమీటర్లు. వేరే పట్టిక తెరిచి, ఏ స్థానంలో ఏముందో, ఏ కొలతలో ఉందో వెతుక్కోనక్కర్లేదు. ఉత్తరం తన ఊరూ పేరూ కొలతా తనే చెప్పుకుంటుంది. మరికొన్ని పద్ధతుల్లో ఆ పట్టిక కాగితం పోతే మీటరు ఉన్నా లేనట్టే. నాకు అదీ అనుభవమే.

పెద్ద మీటరుకు ఒక ఉత్తరంలో పట్టనంత సంగతి ఉంటే రెండో పేజీ అడగాలి. అడిగే మాటలో ఒక బిట్టు ఉంటుంది, ప్రతిసారీ తిరగబడుతుంది. బిట్టు మారితే ‘తర్వాతి పేజీ’ అని అర్థం. మారకపోతే ‘ఇందాకటిది నాకు చేరలేదు, మళ్ళీ చెప్పు’ అని. ఒకే ఒక్క బిట్టుతో ఏ పేజీ దారిలో తప్పిపోకుండా చూశారు. జవాబుకూ గడువుంది: 2400 బాడ్ దగ్గర సుమారు 188 మిల్లీసెకన్లు. అంతలోపు పలకకపోతే కంట్రోలర్ మళ్ళీ పిలుస్తుంది, కొన్నిసార్లు పిలిచి ఊరుకుంటుంది, ఆ మీటరు పక్కన ఎర్ర గుర్తు పెడుతుంది.

ఎంతసేపటికోసారి చదవాలన్న దగ్గర నాకూ పెద్దాయనకూ మాట తేడా వచ్చింది. నేను పావుగంటకోసారి అన్నాను. ఆయన తలడ్డంగా ఊపి రోజుకోసారి పెట్టాడు. మాట తీగ మీద ఊరికే పోయినా, లెక్క చూసి అప్పజెప్పే ప్రాసెసర్ చాలా మీటర్లలో సొంత బ్యాటరీ మీద నడుస్తుంది. ఊరికే పిలుస్తుంటే బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. మేం కట్టే బిల్లుకు రోజుకొక అంకె చాలని ఆయన తీర్పు. ఆయనదే ఒప్పు.

లోపాలు లేవనను. కేబులే ఎక్కడన్నా షార్టయితే ఆ లైనంతా నోరు మూసుకుంటుంది. మొదట రాసుకున్న ప్రమాణంలో గుట్టు కాపాడే ఏర్పాటు లేదు, షాఫ్టులో తీగ దొరికినవాడు పక్కింటివాడు ఎంతసేపు స్నానం చేస్తాడో తెలుసుకోవచ్చు. గూఢలిపి ఆ తర్వాత వచ్చి చేరింది. షాఫ్టులు లేని పాత భవనాల్లో ఇప్పుడు రేడియో మీటర్లు పెడుతున్నారు, తీగ లాగే ఖర్చు ఉండదు. జర్మనీలో 2026 చివరికల్లా వేడి, వేణ్ణీళ్ళ మీటర్లు ఇంట్లోకి అడుగుపెట్టకుండానే చదవగలిగేలా ఉండాలని నిబంధన. ఆ పనిలో ఎక్కువ వాటా రేడియోదే కావచ్చు. కానీ ఆ రేడియో మీటరు గాల్లోకి పంపే ఉత్తరమూ ఇదే కుటుంబానిది. లోపలి 0సి, 13 అవే.

మన దగ్గర దీన్ని చూడాలనుకుంటే కేంద్రీకృత ఏసీ ఉన్న పెద్ద ఆఫీసు భవనాల్లో వెతకండి. చల్లటి నీళ్ళలో ఎంత చలి పోయిందో కొలిచే మీటర్లు అక్కడ ఉంటాయి, వాటిలో కొన్ని ఈ భాషే మాట్లాడతాయి. వేడిని పంచుకోవడానికి పుట్టినది అక్కడ చలిని పంచుతుంది.

రెండో రోజు సాయంత్రం పెద్దాయన పనిముట్లు సర్దుకున్నాడు. పెట్టె తలుపు లోపలి వైపు కాగితం అంటించాడు. ఫ్లాటు నెంబరు, మీటరు వరస నెంబరు, పొట్టి చిరునామా, ఏ జంక్షన్ బాక్సులోంచి వస్తుందో. డెబ్బై రెండు వరసలు, అన్నీ పెన్సిలుతోనే. చివర్లో ఒక దారం తీసి, పెన్సిలు కట్టి తలుపుకు వేలాడదీశాడు. ఇక్కడి నియమం ప్రకారం మీటర్లను ఆరేళ్ళకోసారి మార్చాలి.